అసలు దృశ్యం దొరికేవరకు

ఆయుధపూజ చేస్తే ఆయుధాలకు బలం వస్తుందని పెద్దలంటారు. జిల్లా అభివృద్ధి దృశ్య సంస్థలో మాత్రం ఆ ఏడాది ఆయుధాలకు మతిమరుపు వచ్చింది.

సంస్థకున్న ఆయుధాలు మూడు కెమెరాలు, ఒక కంప్యూటరు, పదకొండు హార్డ్ డిస్కులు. సూపరింటెండెంటు గవర్రాజు గారు భక్తిపరులు. మహానవమి నాడు వాటన్నిటినీ ఊడబీకించి, పీటల మీద వరసగా పెట్టించి, పసుపు రాయించి, కుంకుమ బొట్లు పెట్టించి, గుమ్మడికాయ కొట్టించారు. ఏ డిస్కులో ఏముందో రాసి దాలినాయుడు అంటించుకున్న చీటీలు పసుపునీళ్లకు తడిసి రాలిపోయాయి. ప్రసాదాలు తిన్నాక ఎవరి చేతికందిన డిస్కును వాళ్లు తోచిన చోట గుచ్చి ఇళ్లకు వెళ్లిపోయారు.

దాలినాయుడు ఆ సంస్థలో ఎడిటరు. కెమెరావాళ్లు తెచ్చిన ముక్కల్ని ఏరి, కోసి, అతికి సినిమా చేయడం పదహారేళ్లుగా అతని పని. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరుకు ఒక అలవాటుంది. దృశ్యాలను అది కడుపులో దాచుకోదు, ఏది ఏ డిస్కులో ఉందో అడ్రసు మాత్రం రాసి పెట్టుకుంటుంది. ఆ అడ్రసుకు వెళ్లి తలుపు కొడితే లోపల ఎవరూ లేరనుకోండి, దృశ్యం ఉండాల్సిన చోట ఒక ఎర్ర తెర వేసి, మీడియా దొరకలేదని చెప్పి ఊరుకుంటుంది. కొత్త అడ్రసు చూపిస్తే మళ్లీ బుద్ధిగా అన్నీ తెచ్చేసుకుంటుంది. మొత్తం అరగంట పని. పండగ మర్నాడు దాలినాయుడు ఆ పనికే కూర్చున్నాడు. సరిగ్గా ఆ అరగంటలోనే డైరెక్టరు విశ్వంభరరావు గారు గదిలోకి వచ్చారు.

ఆయన చూడవచ్చింది మంత్రిగారికి చూపించాల్సిన, జిల్లా ప్రగతి మీద నలభై నిమిషాల సినిమా. ఏరువాక దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా నలభై ఆరు చోట్ల ఎర్ర తెర పడింది. వెనక నుంచి వ్యాఖ్యానం మాత్రం గంభీరంగా నడుస్తోంది. ఆయన చివరిదాకా నిలబడే చూశారు.

"ప్రభుత్వ దృశ్యములు ఎప్పటి నుండి గల్లంతైనవి?" అని అడిగారు.

"గల్లంతు కాలేదండి. డిస్కుల్లోనే ఉన్నాయండి. కంప్యూటరుకి తోవ తెలీడం లేదంతే. అరగంటలో కలిపేస్తానండి."

"ఎవరి అనుమతితో?"

పదహారేళ్లలో ఆ ప్రశ్న దాలినాయుణ్ణి ఎవరూ అడగలేదు.

విశ్వంభరరావు గారు చెడ్డ మనిషి కాదు. వస్తువు పోవడం తప్పు కాదు, పోయిన సంగతి కాగితం మీద లేకపోవడం తప్పు అని నమ్మి ముప్పయ్యేళ్లు ఉద్యోగం చేసిన మనిషి. సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చేసింది. ఎర్ర తెర ఇకమీదట ఎర్ర తెర కాదట, "ప్రతినిధి దృశ్యము" అట. ప్రతి ప్రతినిధికీ ఒక నంబరు, ఒక వర్ణన, ఒక ఆమోదముద్ర ఉండాలట. "అసలు దృశ్యము దొరికి, దొరికినట్లు అన్వేషణ సంఘముచే ధ్రువీకరింపబడువరకు ప్రతినిధిని తొలగింపరాదు" అని మూడో నిబంధన. దొరికిన దృశ్యం ఆమోదించిన వర్ణనతో అక్షరాలా సరిపోవాలని నాలుగోది.

వర్ణనలు గవర్రాజు గారు రాశారు. డిస్కుల్లో ఏముందో చూడకుండా, సినిమాకు ముందు రాసుకున్న కథనం చూసి, నలభై ఆరూ ఒక్క పూటలో రాసేశారు. ఆ పూటలోనే దాలినాయుడు గుట్టుచప్పుడు కాకుండా అన్ని ఫైళ్లకూ అడ్రసులు కలిపి చూసుకున్నాడు. ఒక్కటీ పోలేదు. కానీ అతనికి దొరికితే దొరికినట్టు కాదు కదా.

అన్వేషణ సంఘంలో గవర్రాజు గారితో కలిపి ఐదుగురు సభ్యులు. మొదటి సమావేశంలో మిరపకాయ బజ్జీల తర్వాత పన్నెండో నంబరు తీశారు. వర్ణన, "జిల్లా ఆసుపత్రియందు చిరునవ్వు చిందించుచున్న రోగి." దొరికిన దృశ్యంలో రోగి మూలుగుతున్నాడు. సంఘం దాన్ని మూడుసార్లు, అందులో ఒకసారి నెమ్మది వేగంతో చూసింది. "పెదవుల కదలికలో మూలుగునకు, నవ్వునకు సామ్యము ఉన్నను ధ్వని విభేదించుచున్నది" అని రాసి, దృశ్యం దొరకలేదని తేల్చింది. పచ్చని వరిచేను దగ్గర చేను కోసేసి ఉంది కాబట్టి అదీ దొరకలేదు. సకాలంలో వచ్చిన అధికారి దగ్గర అధికారి ఉన్నాడు గాని వెనక గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది, అదీ దొరకలేదు. ఇలా నెల తిరిగేసరికి నలభై ఆరూ శాస్త్రోక్తంగా దొరకకుండా పోయాయి.

విచిత్రమేమిటంటే దీనివల్ల ఎవరికీ బాధ కలగలేదు. పైగా శాఖలన్నీ సంతోషించాయి. అంతకుముందు ప్రతి సినిమాకూ ఏదో ఒక పేచీ ఉండేది. తమ పైరులో కలుపు కనిపించిందని ఒకరు, తమ పొట్ట కనిపించిందని ఇంకొకరు అలిగేవాళ్లు. ఎర్ర తెరలో కలుపూ లేదు, పొట్టా లేదు. వ్యవసాయం పెద్దాయన తన వంతు ఎర్ర తెరను చూసి, ఇంత నిండైన పంటను తన సర్వీసులో చూడలేదన్నారు.

మంచి వాసన గోడలు దాటుతుందంటారు. రెండు నెలల్లో ఆ సర్క్యులర్‌ను జిల్లా యంత్రాంగం మొత్తానికీ వర్తింపజేశారు. దృశ్యములు అన్న చోట దృశ్యములు, వస్తువులు, వ్యక్తులు, కట్టడములు అని చేర్చారు. డాక్టరు లేని ఆసుపత్రిలో కుర్చీకి ఎర్ర గుడ్డ కప్పి ప్రతినిధి డాక్టరని బోర్డు పెట్టారు. రోగులు వరసలో నిలబడి కుర్చీకి బాధ చెప్పుకుని వెళ్లాలని నర్సు కేకలేసేది. నీళ్లు రాని బోరుకు ఎర్ర రంగు కొట్టారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని జనం నవ్వుకున్నారు. నవ్వేవాళ్లకు తెలియనిదేమిటంటే, సోమలింగానికి అప్పటికే రేషను కార్డు వచ్చేసింది.

దాలినాయుడూ నవ్వుకున్నవాళ్లలో ఒకడే. పని తక్కువ, తలనొప్పి లేదు. సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు పైడితల్లి టీచరు వచ్చేదాకా అతనికి అది నవ్వులాటే.

ఆవిడ ఏజెన్సీలో కుసుమగూడ అనే చిన్న ఊళ్లో ఏకైక ఉపాధ్యాయురాలు. రెండు బస్సులు మారి వచ్చింది. ఊరికీ బడికీ మధ్య గెడ్డ, అదే కొండవాగు, ఉంది. దాని మీద వంతెనకు ఆరేళ్ల కిందట శంకుస్థాపన జరిగింది, శిల మిగిలింది. ఏటా అర్జీ పెడుతూ వస్తున్న ఆవిడకు ఈసారి మొదటిసారిగా జవాబొచ్చింది. ఆ కాగితం దాలినాయుడి బల్ల మీద పెట్టింది. "కుసుమగూడ వంతెనపై విద్యార్థులు నడచుచున్న దృశ్యము, నంబరు ముప్పది ఒకటి, సమర్థ అధికారిచే ఆమోదింపబడినందున వంతెన లేదను తమ విజ్ఞప్తి ముగింపబడినది" అని అందులో ఉంది.

"బాబూ, మా వంతెన మీ కంప్యూటర్లో ఉందట కదా. ఓపాలి సూపించండి. ఎలాగుంటాదో సూసి పోతాను" అంది.

ఆ మాటలో వెటకారం ఉందో లేదో దాలినాయుడికి తెలియలేదు. ముప్పయ్యొకటో నంబరు అసలు ఫైలు తెరిచి చూపించాడు. నడుము లోతు నీళ్లు. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన తాడు. ఇరవై ఇద్దరు పిల్లలు తాడు పట్టుకుని, పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని దాటుతున్నారు. ముందర పైడితల్లి టీచరు, చంకలో ఇరవై మూడోది, ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల ఏడుపు నీటి హోరులో సన్నగా వినిపిస్తోంది.

"అది సుక్కి" అంది టీచరు, తెర మీద వేలు పెట్టి. "పోయిన శ్రావణంలో కొట్టుకుపోయింది. గట్టు మీది తుప్ప కొమ్మ సేతికి దొరికింది కాబట్టి బతికింది. ఇప్పుడు నీల్లు సూస్తే ఏడుస్తాది. ఈ సినిమా మంత్రిగారు సూసి బాగుందనేస్తే మా ఫైలు మరి తెరవరటండి. జూన్లో మల్లీ గెడ్డొస్తాది. పిల్లల్ని బడికి రమ్మనాలో, వొద్దనాలో నాకు తెలీట్లేదు."

దాలినాయుడికి సిగ్గేసింది. ఆ దృశ్యాన్ని కోసింది తనే. సినిమాలో అందంగా కుదురుతుందని నాలుగు సెకన్లు ఎక్కువ కూడా ఉంచాడు. ఆ నాలుగు సెకన్లలో సుక్కి ఏడుస్తోందని అప్పుడు గమనించలేదు. ఎలాగైనా ఈ దృశ్యాన్ని మంత్రిగారి కళ్లబడేలా చేస్తానని ఆవిడకు మాటిచ్చేశాడు. గవర్రాజు గారి ముద్ర, సంతకం ఉన్న సర్క్యులర్ జిరాక్సు కాపీ కూడా ఒకటి ఇచ్చి బస్సెక్కించాడు. మాట ఇచ్చాక గాని అదెంత బరువో తెలియలేదు.

మర్నాడే అన్వేషణ సంఘం ముందు ముప్పయ్యొకటో నంబరు మళ్లీ పెట్టాడు. సంఘం చూసింది, నిట్టూర్చింది, పనికిరాదంది. వర్ణనలో వంతెన ఉంది, దృశ్యంలో లేదు. వర్ణన మార్చమని దాలినాయుడు బతిమాలాడు.

"ఆమోదింపబడిన వర్ణన అబద్ధమగుటకు వీలు లేదు" అన్నారు గవర్రాజు గారు. "కావున దృశ్యమే అబద్ధము. వారు వంతెన కింద నడుచుచున్నారని ఉదారముగా భావించినను, పైన వంతెన ఉండవలెను గదా."

మంత్రిగారి ప్రదర్శన ఇంక తొమ్మిది రోజులుందనగా, రిహార్సలులో డైరెక్టరు గారికి కళ్లు మండాయి. నలభై నిమిషాల్లో నలభై ఆరుసార్లు ఎరుపు చూస్తే ఎవరికైనా మండుతాయి. పైగా ఎరుపు ప్రమాదానికి గుర్తని ఎవరో అన్నారు. వెంటనే సవరణ వచ్చింది. ప్రతినిధి దృశ్యంగా ఎరుపుకు బదులు "కంటికింపైన ఏ చిత్రమునైనను" వాడుకోవచ్చు. ఆఫీసంతా ఇంపైన చిత్రాల మీద పడింది. ఆసుపత్రికి తామరపువ్వు, రోడ్లకు సూర్యోదయం, పాఠశాలలకు చిలకల జంట.

ఆ రోజు దాలినాయుడు మొదటిసారి సర్క్యులర్‌ను మొదటినుంచీ చివరిదాకా చదివాడు. అంతవరకు దాని కింద నలిగినవాడే గాని చదివినవాడు కాదు. వర్ణనతో సరిపోవాలన్న నిబంధన అసలు దృశ్యాలకే ఉంది. ప్రతినిధికి లేదు. ప్రతినిధి దేనితోనూ సరిపోనక్కర్లేదు, ఇంపుగా ఉంటే చాలు. అతను ఫారం తీసి, ముప్పయ్యొకటో నంబరు కుసుమగూడ వంతెనకు ప్రతినిధిగా గెడ్డ దాటుతున్న పిల్లల్ని రాశాడు. గవర్రాజు గారు ముద్ర చేతిలో పట్టుకుని, ఇది ఇంపైన చిత్రమేనా అని అడిగారు.

"పిల్లలండి. నీళ్లండి. పైన కొండలండి" అన్నాడు దాలినాయుడు.

గవర్రాజు గారికి పిల్లలన్నా కొండలన్నా ఇష్టమే. ముద్ర పడింది.

ప్రదర్శన టౌన్‌హాల్లో పెట్టారు. ముందు వరసలో మంత్రిగారు, ఆయన పక్కన డైరెక్టరు, వెనక శాఖల పెద్దలు, గోడవారగా పత్రికలవాళ్లు. దాలినాయుడు వెనక మూల కంప్యూటరు దగ్గర కూర్చున్నాడు. తామరలు పూశాయి, సూర్యులు వరసగా ఉదయించారు, చిలకలు ముద్దుపెట్టుకున్నాయి. పదిహేనో సూర్యోదయం దగ్గర మంత్రిగారికి కునుకు పట్టింది. ఇరవై రెండో నిమిషంలో నీటి హోరు హాలంతా నిండింది. ఆయన ఉలిక్కిపడి లేచారు. "కుసుమగూడ విద్యార్థులు వంతెనపై హాయిగా నడచి విద్యాలయమునకు ఏగుచున్నారు" అని వ్యాఖ్యాత తియ్యగా చెబుతున్నాడు. తెర మీద నడుము లోతు నీళ్లలో పిల్లలు. సన్నగా సుక్కి ఏడుపు.

మంత్రిగారు చెయ్యెత్తి సినిమా ఆపించారు. ఇదేమిటని అడిగారు.

"ఇది ప్రతినిధి దృశ్యమండీ. అసలు దృశ్యము అన్వేషణలో ఉన్నది" అని విశ్వంభరరావు గారు మనవి చేశారు.

"అయితే వంతెనుందా?"

"దృశ్యము ఆమోదింపబడినదండీ."

మంత్రిగారు గోడవార సెల్‌ఫోన్లు పైకెత్తి నిలబడ్డ పత్రికలవాళ్ల వంక చూశారు. "నెల తిరక్కుండా ఆ అసలుది నాకు చూపించాలి" అని లేచి వెళ్లిపోయారు. మర్నాడు పత్రికలన్నీ ఆ మాటను, కింద పిల్లల బొమ్మను వేశాయి.

ఇంక అన్వేషణ ఆషామాషీ కాదు. సంఘం రెండు జీపుల్లో కుసుమగూడ వెళ్లింది. ఎగువకు రెండు కిలోమీటర్లు, దిగువకు రెండు కిలోమీటర్లు గెడ్డ వెంట వెతికింది. వంతెన దొరకలేదు. వెతుకులాటలో గవర్రాజు గారు కాలుజారి నీళ్లలో పడితే సుక్కి వాళ్ల నాన్న లాగి గట్టున వేశాడు. వర్ణన మార్చడానికి లేదు, మంత్రిగారిచ్చిన గడువు మార్చడానికి అసలే లేదు. దృశ్యం కావాలంటే వంతెన ఉండాలి. వంతెన కట్టాలంటే సర్వే, టెండరు, అటవీ అనుమతి, ఆరేళ్లు. డైరెక్టరు గారు ఒక రాత్రంతా ఆలోచించి, కట్టడం మన పని కాదు, చిత్రీకరణ మన పని అని తేల్చారు.

విశాఖపట్నం నుంచి సినిమా సెట్టింగుల మేస్త్రీని పిలిపించారు. అట్టముక్కలతో పై పై వంతెన చేస్తానన్నాడతను. కాని ఈ చారిత్రక దృశ్యంలో తామూ నడవాలని శాఖల పెద్దలందరూ పట్టుబట్టారు. మేస్త్రీ వాళ్లను వరసగా నిలబెట్టి ఒకసారి కలయజూసి, ఇనప గొట్టాలు, సిమెంటు దిమ్మలు, అంగుళమున్నర మందం చెక్కలు కావాలన్నాడు. చిత్రీకరణ సామగ్రి కింద అన్నీ మంజూరయ్యాయి. ఆరేళ్లలో కానిది పదకొండు రోజుల్లో అయింది. సర్క్యులర్‌లో కట్టడములు అన్న మాట ఉంది కాబట్టి, దాన్ని ప్రతినిధి వంతెనగా నమోదు చేసి, నంబరిచ్చి, ఒక రేకు కూడా కొట్టారు.

చిత్రీకరణ దివ్యంగా జరిగింది. ముందు అధికారులు నడిచారు, వంతెన కిర్రుమనలేదు. వెనక ఇరవై ముగ్గురు పిల్లలు నడిచారు. సుక్కి సగందాకా కళ్లు మూసుకుని నడిచి, కింద నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో ఒక కన్ను తెరిచి చూసుకుని, మిగతా సగం పరుగెత్తింది. కెమెరావాళ్ల లెక్కలో అది తప్పు, మళ్లీ తీయాలన్నారు. ఆ పిల్ల ఆనందంగా ఆరుసార్లు పరుగెత్తింది. సంఘం దృశ్యాన్ని వర్ణనతో అక్షరాలా సరిచూసి, దొరికిందని ధ్రువీకరించింది. మంత్రిగారు చూసి తలాడించారు.

ఆ మరుసటి వారం సెట్టింగు విప్పేయమని ఉత్తర్వు వచ్చింది. విప్పుతున్నట్టు రుజువు కావాలి కాబట్టి కెమెరా ఇచ్చి దాలినాయుణ్ణే పంపారు. జీపులో గవర్రాజు గారి పక్కన కూర్చుని అతను దారంతా లెక్కలు వేసుకున్నాడు. తనిచ్చిన మాట నిలబడింది, మంత్రిగారు దృశ్యం చూశారు. దానివల్ల పిల్లలకు ఒక్క వారం వంతెన దక్కింది. ఇలాంటి మేలు చేయకపోయినా బాగుండేదని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

గెడ్డ దగ్గర మేస్త్రీ మనుషులు బోల్టులు విప్పే పానాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వంతెన మొదట్లో పైడితల్లి టీచరు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్లో జిరాక్సు కాగితాలు.

"సూపరింటెండెంటు గారూ, దీనికి మీరు కొట్టిన రేకు మీద ఏటి రాసుందండి?"

"ప్రతినిధి వంతెన" అని చదివారు గవర్రాజు గారు.

"ప్రతినిధిని ఎప్పుడు తియ్యాలండి?"

గవర్రాజు గారికి మూడో నిబంధన కంఠతా వచ్చు. "అసలు దొరికి, దొరికినట్లు ధ్రువీకరింపబడువరకు తొలగింపరాదు" అని అప్పజెప్పారు. అప్పజెప్పి ఆగిపోయారు. అసలు దొరికింది కదా అనబోయారు గాని, దొరికింది వంతెన దృశ్యం. వంతెన కాదు. దృశ్యానికి ప్రతినిధి వేరు, కట్టడానికి ప్రతినిధి వేరు, రెంటికీ వేరువేరు నంబర్లు తనే ఇచ్చారు.

"అసలు వంతెన దొరికిందాండి?" అని అడిగింది టీచరు.

గవర్రాజు గారు కాగితం తీసుకుని ముద్ర చూశారు, సంతకం చూశారు, అవి తనవేనని నిర్ధారించుకున్నారు. ఆయన ముఖంలో కోపం రాలేదు. జీవితమంతా కొలిచిన దేవుడు ఎదురుగా ప్రత్యక్షమైతే భక్తుడి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. మేస్త్రీ మనుషుల వైపు తిరిగి, ఒక్క బోల్టు ఊడినా కేసు పెడతానన్నారు. అక్కడికక్కడే కొత్త మెమో రాశారు. అసలు వంతెన దొరుకువరకు ప్రతినిధి వంతెనకు ఏటేటా రంగు వేయించవలెను, చెక్కలు మార్పించవలెను. అన్వేషణ బాధ్యత ఎడిటర్ దాలినాయుడిది. ప్రతి నెలా ఒకటో తారీకున నివేదిక ఇవ్వవలెను.

జూన్ నెలాఖరులో గెడ్డ రెండు గట్లూ ఒరుసుకుంటూ వచ్చింది. మర్నాడు పొద్దున టీచరు ఫోను చేసి, హాజరు పట్టీలో ఇరవై మూడూ పడ్డాయని చెప్పి, సుక్కి చేత కూడా హలో అనిపించింది. దాలినాయుడు ఫోను పెట్టేసి తారీకు చూసుకున్నాడు. ఒకటి. తెల్లకాగితం తీసుకుని, "కుసుమగూడ అసలు వంతెన కొరకు ఈ నెలయందును నిర్విరామముగా వెదకితిమి. దొరకలేదు" అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. పదహారేళ్ల ఉద్యోగంలో ఒక పనిని ఇంత శ్రద్ధగా చేయకుండా ఉండటం అతనికి ఇదే మొదలు.